మెట్టెలు తీయని మేజోడు

పొద్దున మంచం దిగకముందే తొడుక్కుని రాత్రి పడుకునేటప్పుడు విప్పుతాను. మోకాళ్ల కింది దాకా గట్టి మేజోళ్లు, రెండు కాళ్లకూ. మే నెలలో కూడా అంతే. సంతోష్‌నగర్‌లో మా గల్లీ ఆడవాళ్లకు ఇది పెద్ద తమాషా. "గీ ఎండల గవేంది ప్రమీలక్కా, కాళ్లు ఉడకబెట్టుకుంటున్నవా?" అని పక్కింటి పద్మ ప్రతి ఎండాకాలం తప్పకుండా అడుగుతుంది. అడగనీ, నవ్వనీ. ముప్పై మూడేళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా నిలబడ్డాను. నాతో పాటు ఉద్యోగంలో చేరినవాళ్లలో ఇద్దరు ఇవాళ గోడ పట్టుకుని నడుస్తున్నారు. నేను కూరగాయల సంచి పట్టుకుని మూడో అంతస్తు ఎక్కుతున్నాను. ఎవరు నవ్వినా నేను వీటిని విప్పను.

పాతబస్తీలోని ఒక ఆస్పత్రిలో సర్జరీ ఓపీ పక్కన ఉండే డ్రెస్సింగ్ గది నాది. అక్కడికి వచ్చేవన్నీ నిలబడి బతికే కాళ్లే. పూలు అమ్మేవాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు, హోటళ్లలో టీ పోసేవాళ్లు, బళ్లలో పంతులమ్మలు వచ్చేవారు. గుండె నుంచి రక్తం కాళ్లలోకి సులువుగానే దిగుతుంది. తిరిగి పైకి ఎక్కాలంటే నడిచేటప్పుడు పిక్కలు దాన్ని పిండి పంపాలి. కదలకుండా నిలబడే మనిషికి పిక్కలు ఆ పని చేయవు. రక్తం కిందనే నిలిచి సిరలు ఉబ్బుతాయి, చీలమండ నల్లబడుతుంది, చివరికి చిన్న గీత పడినా పుండవుతుంది. మేజోడు మడమ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా పట్టి ఆ రక్తాన్ని పైకి తోస్తుంది. ఇందులో మాయ లేదు, మంత్రం లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, సన్మానాలు ఇందులో ఉండవు. నేను చేసిన రెండు తప్పులు, పెట్టుకున్న ఒక కొట్లాట ఉంటాయి.

కుర్చీ లేని గది

నేను చేరినప్పుడు మా గదిలో రోగికి బల్ల ఉండేది, డాక్టరుకు కుర్చీ ఉండేది, నర్సుకు ఏమీ ఉండేది కాదు. మా పెద్ద సిస్టరు కట్టుదిట్టమైన మనిషి. ఆవిడ లెక్కలో కూర్చున్న నర్సంటే పని ఎగ్గొట్టిన నర్సే. ఎనిమిది గంటలు నిలబడి ఇతరుల కాళ్లకు కట్లు కట్టేవాళ్లం, మా కాళ్లు ఎవరికీ గుర్తొచ్చేవి కావు.

రెండో కాన్పు తర్వాత నా పిక్కల మీద సిరలు వేలు లావున లేచాయి. మా సర్జన్ సారు చూసి మేజోళ్లు రాశారు. అవి చర్మం రంగులో ఉన్నాయి, యూనిఫారంలో కాళ్లకు తెలుపే ఉండాలి, విప్పెయ్ అని పెద్ద సిస్టరు పట్టుబట్టింది. యూనిఫారం మారిస్తే మారుతుంది, కాళ్లు మారవని చెప్పి ఊరుకున్నాను. మర్నాడు ఇంటి నుంచి ప్లాస్టిక్ స్టూలు కూడా తెచ్చుకున్నాను, మీద గోళ్ల రంగుతో నా పేరు రాసి మరీ. ఆవిడ దాన్ని మూడుసార్లు వరండాలో పెట్టించింది. మూడుసార్లూ నేను లోపలికి తెచ్చుకున్నాను. నాలుగోసారి ఆవిడే విసుగెత్తి వదిలేసింది. ఆ స్టూలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

నాడి చూడని రోజు

ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాలు చేసే కిషన్ అనే ఆయన చవితికి ముందు, పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో వచ్చాడు. కుడి కాలు వాచింది, సిరలు ఉబ్బాయి. డాక్టరు చీటీ మీద మేజోళ్లు అని ఉంది. బయట వరుస మెట్ల దాకా ఉంది.

మేజోడు తొడిగేముందు పాదం మీద, చీలమండ వెనుక వేళ్లు పెట్టి నాడి కొట్టుకుంటోందా లేదా చూడాలి. అందకపోతే, అనుమానం వస్తే డాక్టరు దగ్గరికి తిప్పి పంపాలి. కిందికి వచ్చే రక్తమే సన్నబడ్డ కాలికి బిగువు వేస్తే, వచ్చే ఆ కాస్తా ఆగిపోతుంది. బీడీలు తాగేవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఆయన చొక్కా జేబులో బీడీ కట్ట కనిపిస్తూనే ఉంది. అయినా నేను నాడి చూడలేదు. చూడడానికి అర నిమిషం పడుతుంది. వరుస పొడుగ్గా ఉందని ఆ అర నిమిషం మిగుల్చుకున్నాను.

మూడో రోజు తమ్ముడి భుజం పట్టుకుని వచ్చాడు. "సిస్టర్, ఉంగ్లియా సున్న హోగయే. వేళ్లు పట్టుకున్నా ఏం తెలుస్తలేదు" అన్నాడు. మేజోడు విప్పితే రెండు వేళ్లు నీలంగా, చల్లగా ఉన్నాయి. సర్జన్ సారు శాయశక్తులా చేశారు. పాదం దక్కింది. చిటికెన వేలు దక్కలేదు.

గదిలో ఉన్న చిన్న డాక్టరు నా మంచి కోరే చెప్పాడు, రోగి సలహా పాటించలేదని కేసు షీటులో రాసేయమని. అప్పట్లో ఏ గదిలో చూసినా అదే ఆనవాయితీ. ఏదైనా చెడితే అది రోగి చేసుకున్నదే. నాకు ఒళ్లు మండింది. "తొడిగేముందు నాడి చూడలేదు" అని రాసి కింద సంతకం పెట్టాను. సారు అది చదివి, రేపటి నుంచి నాడి చూడకుండా ఎవరి కాలికీ ఏదీ తొడగవు కదా, అది చాలు అన్నారు. కిషన్‌కు కూడా నేనే చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, పోనీలే అనీ అనలేదు. చవితి లోపల నిలబడగలనా అని ఒక్కటే అడిగాడు. ఆ ఏడు నిలబడలేకపోయాడు. బొమ్మలకు కళ్లు తమ్ముడు దిద్దాడు.

నర్సమ్మ వేళ్లు

పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే. కిషన్ తర్వాత నేను రూల్సు మనిషినైపోయాను. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకు కట్టాను. నాడి చూడాలి, గోళ్లు తీయాలి, నూనె రాయకూడదు, పట్టీలు, దారాలు, మెట్టెలు తీసెయ్యాలి. ఎవరికీ మినహాయింపు లేదు. ఆ అట్ట చూసుకుని గర్వపడ్డాను కూడా.

అలాంటి రోజుల్లో నర్సమ్మ వచ్చింది. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో బంతి, చామంతి అమ్మేది. తెల్లవారకముందు నిలబడితే ఎండెక్కాక కూర్చునేది. ఎడమ చీలమండ మీద ఏడాది పాటు సతాయించిన పుండు అప్పుడే మానింది. పైన చర్మం ఇంకా ఉల్లిపొరలా ఉంది. మేజోడు వేస్తే అది అలాగే నిలుస్తుంది, వేయకపోతే మళ్లీ పగులుతుంది. నాడి చూశాను, దివ్యంగా ఉంది. కొలతలు తీసుకున్నాను. మా స్టోరులో ఉన్నవన్నీ వేళ్లు మూసుకునే రకం. వాటి కింద మెట్టెలుంటే పక్క వేళ్లను ఒత్తి పుండ్లు చేస్తాయి. తీయమన్నాను.

ఆమె చీర కుచ్చిళ్లు వేళ్ల మీదికి లాక్కుంది. "మట్టెలు తియ్య సిస్టరమ్మా. ఇంట్ల మా ఆయన మంచాన పడ్డడు" అంది. భర్తకు పక్షవాతం వచ్చి ఆరు నెలలైందట.

నేను పుట్టింది నగలు పెట్టుకోని చర్చివాళ్ల ఇంట్లో. నా వేళ్లకు ఏనాడూ మెట్టెలు లేవు. మొగుడు మంచాన ఉండగా ఆ వెండి చుట్లు తీయడమంటే ఆమెకు తన చేత్తో తానే కీడు పిలవడమని నాకు తెలియక కాదు. హైదరాబాదులో పుట్టి పెరిగినదాన్ని, చుట్టూ చూస్తూనే ఉన్నాను. తెలిసీ లెక్కచేయలేదు. "తీస్తే ఏమైతది, గూట్ల పెట్టు. కాలు కావాల్నా, మట్టెలు కావాల్నా?" అన్నాను.

ఆమె నేనిచ్చిన మేజోడును చక్కగా మడిచి బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా "నిరాకరించింది" అని రాశాను. కిషన్ విషయంలో రాయనని భీష్మించుకున్న మాటనే వేరే అక్షరాలతో రాశానని అప్పుడు తోచలేదు. తప్పును రోగి నెత్తిన వేయడం ఎంత తేలికో చూడండి. రూల్సు పక్కన ఉంటే అది తప్పులా కూడా కనిపించదు.

వాన కాలం పోయి చలి కాలం వచ్చాక నర్సమ్మ మళ్లీ వచ్చింది. ముఖాన బొట్టు లేదు. చీలమండ మీద అరచేతంత పుండు, దాన్నిండా పసుపు అద్ది ఉంది. నన్ను దాటి వెళ్లి నా స్టూలు లాక్కుని దాని మీద కాలు పెట్టింది. రెండో వేలి చుట్టూ మెట్టె ఉన్నచోట తెల్లటి గుర్తు ఉంది.

"ఇగ వేళ్లకు ఏం లేవు సిస్టరమ్మా" అంది. "ఇప్పుడు తొడుగు."

దెప్పుతున్నట్టు అనలేదు. నేను చెప్పిన షరతు తీరిపోయిందని నాకు తెలియజేసింది, అంతే. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అంతకన్నా కష్టమైనది ఆ తర్వాత చెప్పవలసి వచ్చింది. పుండు ఇంతగా తెరుచుకున్నాక మేజోడు పనికిరాదు. ముందు పొరలు పొరలుగా కట్లు కట్టాలి, వారం వారం రావాలి, నెలలు పట్టవచ్చు. ఆమె విని, మార్కెట్‌లో నెల రోజులు కనపడకపోతే తన అడ్డా వేరేవాళ్లది అయిపోతుందని చెప్పింది. ఇంట్లో చేతికందిన కొడుకు ఉన్నాడు గానీ వాడి పని ఇవాళ ఉంటే రేపు లేదు. ఇల్లు ఆ అడ్డా మీద నడుస్తోంది, అడ్డా ఈ కాలి మీద నిలబడి ఉంది. పుండు ఎముక దాకా పోతే కాలు ఉండదని సారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఈ కాలు పోదు సార్ అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఏ అధికారమూ లేదు. అయినా అన్నాను.

కత్తెర

నర్సమ్మకు వారం వారం కట్లు కడుతూనే పాత రిజిస్టరు తీశాను. "నిరాకరించింది" అని నేను రాసిన పేర్లన్నీ ఒక కాగితం మీదికి ఎత్తాను. అందరూ ఆడవాళ్లే, అందరూ పెళ్లయినవాళ్లే. సెలవు రోజుల్లో, దొరికినవాళ్లను దొరికినట్టు వెతికి అడిగాను. ఒకామె ఎండ అంది, ఒకామె దురద అంది. మిగతావాళ్లంతా ముందు నా ముఖం చూశారు, తర్వాత తమ కాలి వేళ్లు చూసుకున్నారు. వాళ్లు మేజోళ్లను ఎప్పుడూ నిరాకరించలేదు. నేను పెట్టిన బేరాన్ని నిరాకరించారు.

వేళ్ల దగ్గర తెరిచి ఉండే మేజోళ్లు ఉన్నాయని నాకు తెలుసు, కంపెనీవాళ్ల పుస్తకంలో బొమ్మ చూశాను. స్టోరులో అడిగితే లిస్టులో లేవన్నారు. లిస్టులో చేర్చమంటే పేషెంట్లు ఎవరూ అడగలేదన్నారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు సిస్టర్" అని స్టోరు ఇన్‌చార్జి నవ్వాడు. పేదవాళ్లు అడగరు, చెప్పులేసుకుని వెళ్లిపోతారు అన్నాను. ఆయనకు అది ఎక్కలేదు.

అప్పుడు కత్తెర తీసుకున్నాను. ఆరు జతల మేజోళ్లకు వేళ్ల భాగం కత్తిరించాను. రోగులకు వేయలేదు, ఆ మాత్రం బుద్ధి కిషన్ నేర్పాడు. ముందు నా కాలికే వేసుకుని పగలంతా తిరిగాను. సాయంత్రానికి కత్తిరించిన అంచు చుట్టుకుని తాడులా పాదాన్ని కోసింది. అందుకే చెబుతున్నాను, మేజోడును ఎప్పుడూ కత్తిరించకండి, పైన పొడుగైందని మడిచి కూడా వదలకండి. ఆ మడతే ఉరి అవుతుంది.

పనికిరాని ఆ ఆరు జతలను, పేర్ల కాగితాన్ని, నా పాదం మీది ఎర్రటి గీతను తీసుకుని పెద్ద డాక్టరు గదికి పోయాను. మర్నాడు మెమో వచ్చింది, ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు సంజాయిషీ ఇమ్మని. "కత్తిరించిన మాట నిజం. వీటికన్నా ముందు పాడైన కాళ్ల జాబితా జతపరిచాను. వాటికి సంజాయిషీ ఎవరిస్తారో తెలియజేయగలరు" అని రాశాను. క్షమించమనే మాట చేర్చమని ఇద్దరు ముగ్గురు బతిమాలారు. చేర్చలేదు, ఇవాళ రాయమన్నా చేర్చను. శిక్ష ఏదో పడింది. చెప్పుకోదగ్గది కాదు. నా కోరిక కాగితం కింద సర్జన్ సారు తన సంతకం కూడా పెట్టారు. తర్వాతి సరుకులో తెరిచిన మేజోళ్లు వచ్చాయి. తలుపు మీది అట్టలో మెట్టెలు అన్న మాట కొట్టేశాను. పట్టీలు మాత్రం ఉంచాను, అవి తీయక తప్పదు, వాటికి ఎవరూ ఏడవలేదు కూడా.

పెద్దవాళ్లతో కొట్లాడమని మీకు చెబుతున్నానా? చెబుతున్నాను. అయితే ముందు మీ తప్పు మీరు రాసుకుని, ఆ కాగితం చేతిలో పట్టుకుని వెళ్లండి. అప్పుడు ఎవరూ మిమ్మల్ని తేలిగ్గా తోసెయ్యలేరు.

పూల కవరు

నర్సమ్మ పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. అడ్డా పోలేదు. కొత్త కోడలు లావణ్య వచ్చి అత్త పక్కన నిలబడింది, నర్సమ్మ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుని, కాలు ఇంకో బుట్ట మీద పెట్టుకుని బేరం చేసింది. మార్కెట్‌లో కూర్చుని అమ్మితే ఎవరు కొంటారని అందరూ అన్నారట. బాగానే కొన్నారు.

తెరిచిన మేజోళ్లలో మొదటి జత ఆమె కాళ్లకే వేశాను. తీసుకుపోయి, పది రోజులకు వచ్చి ఇంట్లో ఎక్కడం లేదంది. నిజమే, అవి తొడగడం కుస్తీ పట్టడమే. డాక్టర్లు చీటీ మీద ఒక్క మాట రాసి ఊరుకుంటారు. ఆ మాటను కాలికి ఎక్కించాల్సింది అరవై ఏళ్ల చేతులు. మందుల దుకాణంవాడు కాలు కొలవకుండా చిన్నదా పెద్దదా అని కంటితో చూసి ఇచ్చేస్తాడు. వీళ్లిద్దరి మీదా నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. రబ్బరు చేతొడుగులు వేసుకోమని, పౌడరు రాయమని నాకు తెలిసినవన్నీ నర్సమ్మకు చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపి, ఆ తర్వాతి వారం పూలు కట్టి ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చింది. పాదానికి ముందు కవరు తొడిగింది. దాని మీద మేజోడు జర్రున మడమ దాటి పిక్కల మీదికి పాకింది. తర్వాత వేళ్ల దగ్గరి సందులోంచి కవరు కొస పట్టి లాగితే మొత్తం బయటికి వచ్చేసింది.

"నీకు సదువుంది, నాకు కవరుంది" అంది నర్సమ్మ. ఆమె నవ్వగా చూడడం నాకు అదే మొదలు.

అప్పటి నుంచి మా గదికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ పద్ధతే నేర్పాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగిన డాక్టర్లకు గుడిమల్కాపూర్‌లో అని చెప్పాను.

నేను ఉద్యోగం నుంచి దిగిపోవడానికి కొన్ని నెలల ముందు నర్సమ్మ లావణ్యను తీసుకొచ్చింది. రెండో కాన్పు, ఐదో నెల. పొద్దున్నే అదే అడ్డాలో నిలబడుతోంది, పిక్కల మీద సిరలు అప్పుడే లేస్తున్నాయి. పుండు దాకా రానివ్వకుండా సిరలు లేస్తున్నప్పుడే తీసుకొచ్చింది, నాకు అది చాలు. లావణ్య పాదాన్ని నా స్టూలు మీద పెట్టించుకుని నాడి చూశాను. కవరు తొడగడానికి నా చెయ్యి వేళ్ల మీదికి పోగానే నర్సమ్మ చెయ్యి అడ్డం వచ్చింది.

"దాని వేళ్ల జోలికి పోకు సిస్టరమ్మా" అంది.

"పోను" అన్నాను.

కాలు కావాలా, మెట్టెలు కావాలా అని మీరు ఎవరినీ అడగకండి. మనిషికి రెండూ కావాలి. రెండూ దక్కేలా చూడడమే మీ ఉద్యోగం, మిగతాదంతా యూనిఫారమే.

మేజోడు ఎక్కించి కవరు లాగేశాను. లావణ్య వేళ్లు ఐదూ బయటికి వచ్చాయి, రెండో వేలికి మెట్టె ఎక్కడిదక్కడే ఉంది. నర్సమ్మ వంగి దాన్ని కొంగుతో తుడిచింది. తర్వాత తన ఎడమ కాలు కూడా స్టూలు మీద పెట్టి, తన మేజోడు సరిగ్గా ఉందో లేదో చూడమంది. చూశాను. రెండో వేలి మీది తెల్లటి గుర్తు అప్పటికి ఎండకు కలిసిపోయింది. అది ఎక్కడ ఉండేదో నాకు మాత్రం ఇప్పటికీ తెలుసు.